ఫిర్యాదు లెక్కకెక్కితేనే రీకాల్

రోడ్డు ప్రమాదం కేసు ఫైలు తెరిస్తే ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదికలతో పాటు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు ఇచ్చిన రిపోర్టు కూడా ఉంటుంది. బండికి ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయో, బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో రాసి, చివర ఒక వాక్యం పెడతారు: ఈ ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు. మన నష్టపరిహారం కేసుల్లో ఈ వాక్యం ఎంత మామూలైపోయిందంటే, చదివేవాళ్లు దాని దగ్గర ఆగరు. ఎఫ్‌ఐఆర్‌లో అప్పటికే ‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి’ అని ఉంటుంది. ఈ రెండు కాగితాలూ కలిసేసరికి బండిని తయారుచేసినవాడు కేసులోంచి పూర్తిగా తప్పుకుంటాడు.

2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు. వేగం, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం, గోతుల రోడ్లు వీటిలో చాలా చావులకు కారణమన్నది నిజమే. కాని స్టీరింగు పట్టేసిందా, నడుస్తున్న ఇంజను ఆగిపోయిందా, తెరుచుకోవాల్సిన ఎయిర్‌బ్యాగు తెరుచుకోలేదా అన్న ప్రశ్న అడగడం మన దర్యాప్తుల్లో అరుదు. అడగని ప్రశ్నకు జవాబు రాదు. జవాబు లేనిచోట రీకాల్, అంటే లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం, రాదు. వాహన భద్రత మీద వచ్చే ఫిర్యాదులు ఎటు పోతున్నాయి, అవి రీకాల్ దాకా ఎప్పుడు చేరుతున్నాయి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నది ఈ వ్యాసం సమీక్షించే విషయం.

కథ మొదలైంది అమెరికాలో. 1965లో రాల్ఫ్ నేడర్ కార్ల తయారీదారులను నిలదీస్తూ పుస్తకం రాశాడు. ఆయన వెనక జనరల్ మోటార్స్ ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టిన సంగతి బయటపడి, సంస్థ అధ్యక్షుడు సెనెట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. 1966లో వాహన భద్రత చట్టం, కొన్నేళ్లకే జాతీయ రహదారి భద్రత సంస్థ ఏర్పడ్డాయి. అప్పటిదాకా ప్రమాదమంటే నడిపినవాడి తప్పే. ఆ చట్టంతో తయారీ లోపం కూడా విచారించాల్సిన విషయమైంది. 1978లో ఫోర్డ్ పింటో కార్ల ఇంధన ట్యాంకుల వ్యవహారంలో 15 లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2000లో ఫైర్‌స్టోన్ టైర్లు విడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తాపడిన తర్వాత మరో చట్టం వచ్చి, కంపెనీలు తమకందే ఫిర్యాదుల, మరణాల సమాచారాన్ని ప్రభుత్వానికి ముందుగానే ఇవ్వాలన్న నిబంధన తెచ్చింది. అక్కడ యజమాని ఇచ్చే ఫిర్యాదు ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్‌లో, పేరు తీసేసి, అందరూ చదివేలా ఉంటుంది. దర్యాప్తు మొదలుపెట్టడానికి ఇన్ని ఫిర్యాదులు కావాలన్న సంఖ్య ఏదీ లేదు.

ఇంత ఉన్నా ఆ దేశంలోనే జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ వ్యవహారం జరిగింది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఫిర్యాదు ఎన్ని రకాలుగా చచ్చిపోగలదో అందులో కనిపిస్తుంది. షెవ్రోలే కోబాల్ట్ వంటి చిన్నకార్లలో తాళంచెవి తిరిగే స్విచ్ మరీ వదులుగా ఉండేది. గతుకు మీద బండి ఎగిరినా, తాళాల గుత్తి బరువుకు గుంజినా, మోకాలు తగిలినా చెవి దానంతటదే వెనక్కి జారేది. దాంతో ఇంజను ఆగిపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు సాయం పోతుంది. అన్నిటికన్నా ఘోరం, ఎయిర్‌బ్యాగులకు కరెంటు ఉండదు. యజమానులు డీలర్ల దగ్గరికి వెళ్లి చెప్పారు. 2005 చివర్లో కంపెనీ డీలర్లకు పంపిన సూచన ఏమిటంటే, తాళాల గుత్తికి బరువైన వస్తువులు తగిలించుకోవద్దని కస్టమర్లకు చెప్పమని. 2007లో భద్రత సంస్థ అధికారులే ఈ కార్లలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని ప్రమాదాల తీరు గమనించి, దర్యాప్తు పెట్టాలా అని ఆలోచించి, అక్కర్లేదనుకున్నారు.

గుట్టు విప్పింది ఆ సంస్థా కాదు, కంపెనీ అంతకన్నా కాదు. జార్జియా రాష్ట్రంలో ఒక నర్సు తన కోబాల్ట్‌లో ప్రమాదానికి గురై చనిపోయింది. ఆమె తల్లిదండ్రులు కేసు వేశారు. వాళ్ల తరఫు ఇంజనీరు పాడైన స్విచ్‌నూ, అదే కారు కోసం కొత్తగా కొనితెచ్చిన స్విచ్‌నూ విప్పి బల్లమీద పక్కపక్కన పెట్టాడు. లోపల చెవిని పట్టి ఉంచే చిన్న పుల్లలాంటి భాగం కొత్తదాంట్లో కాస్త పొడుగ్గా ఉంది. రెండు మిల్లీమీటర్లు కూడా లేని తేడా. రెండు స్విచ్‌ల మీదా పార్టు నంబరు మాత్రం ఒకటే. కంపెనీలో ఎవరో లోపాన్ని గుర్తించి, కొత్త కార్లకు సరిచేసి, నంబరు మార్చకుండా వదిలేశారని దానితో తేలింది. అప్పటికే రోడ్డు మీదున్న పాత కార్ల గురించి ఎవరికీ చెప్పలేదు. 2014లో రీకాల్ మొదలై 26 లక్షల కార్లకు చేరింది. బాధితుల నిధి 124 మరణాలకు ఈ స్విచ్ కారణమని ఒప్పుకుని పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడు కంపెనీ ప్రభుత్వానికి 90 కోట్ల డాలర్లు కట్టింది.

చట్టం, సంస్థ, వెబ్‌సైట్ అన్నీ ఉన్నచోట కూడా ఒక కుటుంబం కోర్టుకెక్కి పోరాడితేనే ఇది బయటికొచ్చింది. అయితే ఆ దేశపు ఏర్పాటు పనికిమాలినదని దీన్నిబట్టి అనుకోవడం తొందరపాటు. స్విచ్ వ్యవహారం బయటపడ్డాక పాత ఫిర్యాదులు వెనక్కి వెళ్లి చదవడానికి దొరికాయి. ఎవరు ఏ తేదీన ఏం చెప్పారో, అధికారి ఏ తేదీన పక్కన పెట్టాడో కాంగ్రెస్ విచారణలో తేదీలతో సహా నిలదీయగలిగారు. రాతపూర్వకంగా ఉన్న ఫిర్యాదు ఆలస్యంగానైనా సాక్ష్యం చెబుతుంది.

కంపెనీలు తరచుగా చేసే వాదన ఒకటుంది. ఫిర్యాదులన్నీ నిజం కావు, ఒకరిని చూసి ఒకరు పెడతారు, నడపడం రాక బండిని అంటారని. ఈ వాదనలో కొంత నిజముంది కాబట్టి దాన్ని తోసిపుచ్చకూడదు. 1986లో ఆడి 5000 కారు దానంతటదే దూసుకుపోతోందని ఒక టీవీ కార్యక్రమం రాగానే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 1989లో ప్రభుత్వ సంస్థ తేల్చిందేమిటంటే, చాలావరకు డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కారని. 2009-10లో టయోటా కార్ల మీద అలాంటి ఆరోపణలే వచ్చినప్పుడు నాసా ఇంజనీర్లను పిలిపించి ఎలక్ట్రానిక్ వ్యవస్థను పరీక్ష చేయించారు. అందులో లోపం దొరకలేదు. కాని కాళ్ల కింద పరిచే మ్యాటు యాక్సిలరేటరు పెడలుకు అడ్డుపడటం, పెడలు వెనక్కి రాకుండా పట్టేయడం నిజమని తేలాయి. ఆ సంగతి దాచినందుకు 2014లో టయోటా 120 కోట్ల డాలర్లు కట్టింది. ఆడి విషయంలోనూ బ్రేకు తొక్కితే తప్ప గేరు కదలని ఏర్పాటు వచ్చింది. ఇవాళ ఆటోమేటిక్ కారు నడిపే ప్రతివారికీ ఆ ఏర్పాటు తెలుసు. యజమాని కారణాన్ని తప్పుగా చెప్పొచ్చు. ఏదో ప్రమాదం ఉందన్న మాట మాత్రం చాలాసార్లు నిజమవుతుంది. కారణం కనిపెట్టడం ఇంజనీరు పని, యజమాని పని కాదు.

సుప్రీంకోర్టు ఇదే మాట మన గడ్డ మీద 2022 ఏప్రిల్ 20న చెప్పింది. ఢిల్లీ-పానిపట్ హైవే మీద 2017లో ఒక హ్యుందాయ్ క్రెటా ప్రమాదానికి గురైంది. ముందువైపు బాగా దెబ్బతిన్నా ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, యజమానికి గాయాలయ్యాయి. ఢీకొన్న తీరు, బలం చాలకపోతే ఎయిర్‌బ్యాగు తెరుచుకోదని కంపెనీ వాదించింది. వేగాన్నీ, బలాన్నీ లెక్కగట్టే భౌతికశాస్త్రం కొనుగోలుదారుకు తెలిసి ఉండాలని ఆశించడం తగదని కోర్టు స్పష్టం చేసింది. పరిహారమూ, వాహనం మార్చి ఇవ్వాలన్న ఆదేశమూ ఖాయమయ్యాయి. మంచి తీర్పు. కాని దాని పరిధి ఎంత? ఒక యజమాని, ఒక కారు. వినియోగదారుల కమిషన్‌లో గెలిచినవాడికి న్యాయం దక్కుతుంది. అదే లోపం నిజంగా మిగతా కార్లలోనూ ఉంటే వాళ్లంతా ఏమీ తెలియకుండా తిరుగుతూనే ఉంటారు. మధ్యలో రాజీ కుదిరితే ఆ ఒక్క ఫైలు కూడా మూతపడుతుంది. ఒకరి కష్టం వందమందికి హెచ్చరిక కావాలంటే రీకాల్ ఒక్కటే దారి.

మన దేశంలో ఆ దారి చాలాకాలం కంపెనీ ఇష్టానికే వదిలేశాం. 2010లో ఇంధనం కారుతుందన్న అనుమానంతో మారుతి దాదాపు లక్ష ఏ-స్టార్ కార్లను పిలిచింది. అదే కాలంలో టాటా నానోలు కొన్ని తగలబడ్డప్పుడు, ఇది రీకాల్ కాదంటూనే కంపెనీ అదనపు రక్షణ భాగాలను ఉచితంగా బిగించింది. 2012లో వాహన తయారీదారుల సంఘం ‘సియామ్’ స్వచ్ఛంద నియమావళి తెచ్చింది. 2013లో ఫోర్డ్ 1,66,021 ఫిగో, ఫియెస్టా క్లాసిక్ కార్లను, జనరల్ మోటార్స్ 1,14,000 టవేరాలను వెనక్కి పిలిచాయి. టవేరా వెనక కాలుష్య పరీక్షల్లో మోసం ఉందని తర్వాత బయటపడింది.

2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో 110-ఏ సెక్షన్ వచ్చింది. ఒక మోడల్‌లో పర్యావరణానికి గాని, నడిపేవారికి గాని, రోడ్డు మీద వెళ్లే ఇతరులకు గాని హాని చేసే లోపముంటే రీకాల్ చేయమని కేంద్రం ఆదేశించవచ్చు. కంపెనీ సొంత ఖర్చుతో బాగుచేయాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. తానే లోపం గుర్తించి ముందుకొచ్చిన కంపెనీకి జరిమానా ఉండదు. దర్యాప్తు అధికారికి సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నియమాలు అమల్లోకి వచ్చాయి. బలవంతపు రీకాల్ అయితే రూ.10 లక్షల నుంచి రూ.కోటి దాకా జరిమానా. కాగితం మీద ఇది పెద్ద ముందడుగు. నియమాల్లోకి దిగితే మాత్రం మూడుచోట్ల కాలు ఇరుక్కుంటుంది.

మొదటిది ఫిర్యాదుల సంఖ్య. ఆ మోడల్ యజమానుల్లో ఇంత శాతం మంది, లేదా ఇన్ని వందల మంది ఫిర్యాదు చేస్తే ప్రభుత్వం కదలాలి. బాగా అమ్ముడయ్యే కారైతే ఆ సంఖ్య వెయ్యి దాటుతుంది. స్టీరింగు విరిగిపోయిన బండి యజమాని మిగతా వెయ్యిమందిని ఎక్కడని వెతుకుతాడు? ఎంతమంది ఫిర్యాదు చేశారో అతనికి కనపడదు. చట్టంలో పరీక్ష సంస్థల నివేదిక, ‘ఇతర మార్గాల్లో అందిన సమాచారం’ అన్న దారులూ ఉన్నాయి. ప్రాణాపాయం విషయంలో వాటినే ప్రధాన ద్వారాలు చేయాల్సింది. నిద్రపోతున్న ఇంట్లో ఒక్క బ్యాటరీ పేలినా, అది ఎందుకు పేలిందో విచారించడానికి రెండో పేలుడు కోసం ఆగకూడదు.

రెండోది వయసు. ఏడేళ్లలోపు బండ్లకే ఈ నియమం. టకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ గీతను ఒప్పుకోలేరు. ఆ జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగును ఉబ్బించే పరికరంలో అమ్మోనియం నైట్రేట్ వాడింది. ఏళ్ల తరబడి వేడిలో, తేమలో ఉన్నకొద్దీ ఆ మందు చెడిపోతుంది. చిన్న ప్రమాదం జరిగినా మరీ వేగంగా మండి, లోహపు డబ్బాను బద్దలుకొట్టి, ముక్కల్ని డ్రైవరు మెడమీదికీ ముఖంమీదికీ విసురుతుంది. అమెరికా ఒక్కచోటే 6.7 కోట్ల పరికరాలు వెనక్కి పిలిచారు. 2017లో కంపెనీ దివాలా తీసింది. అక్కడ ఫ్లోరిడా, గల్ఫ్ తీరం, హవాయి వంటి ఉక్కపోత ప్రాంతాలను ముందువరసలో పెట్టి బాగుచేశారు, ఎందుకంటే లోపం అక్కడ ముందుగా ముదురుతుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు వేసవి ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. మన దగ్గరా హోండా వంటి కంపెనీలు విడతలవారీగా ఈ రీకాల్ చేశాయి. 2018 జనవరిలో ఒక్క విడతలోనే 22,834 కార్లు. అవి కంపెనీలు తమంతట తాము చేసినవి కాబట్టి సరిపోయింది. పాతబడ్డాకే బయటపడే ఇలాంటి లోపం రేపు ఇంకో కంపెనీ దాచిపెడితే, ఎనిమిదేళ్ల కారున్న మధ్యతరగతి మనిషి ఏ నియమాన్ని పట్టుకుని అడగాలి? అమెరికాలో ఉచిత మరమ్మతు హక్కు 15 ఏళ్లు.

మూడోది, ఫిర్యాదు చేసే హక్కును యజమానితో ముడిపెట్టడం. బస్సు ఎక్కిన ప్రయాణికుడు యజమాని కాదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు-హైదరాబాద్ వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. రెండు వారాలకే కర్ణాటకలోని హావేరి దగ్గర మరో వోల్వో అలాగే తగలబడింది. ఇంధన ట్యాంకు ఎక్కడుంది, అద్దాలు ఎలా పగలగొట్టాలి, అత్యవసర ద్వారం ఎందుకు తెరవలేకపోయారు అన్న ప్రశ్నలు అప్పుడు లేచాయి. ఆ ప్రశ్నలు అడిగినవాళ్లు బస్సు యజమానులు కారు. చనిపోయినవాళ్ల బంధువులు. యజమాని అయిన ట్రావెల్స్ సంస్థకు బస్సు రోడ్డు మీద తిరగడమే కావాలి. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కాలి 19 మంది ప్రయాణికులు బలైనప్పుడు, బస్సుకు తర్వాత చేయించిన మార్పుల మీదా ప్రశ్నలు వచ్చాయి. అక్కడ కంపెనీ తప్పు ఎంత, బాడీ కట్టినవాడి తప్పు ఎంత, అనుమతి ఇచ్చినవాడి తప్పు ఎంత అని విడదీయాలి. విడదీసే పని మొదలవ్వాలంటే ప్రయాణికుడి మాటకు కూడా ఫిర్యాదుగా విలువ ఉండాలి.

ఇప్పుడు 2022 వేసవికి వద్దాం. ఎలక్ట్రిక్ స్కూటర్ల మంటలు ఆ మూడు నెలల్లో దేశమంతా చూసింది. మార్చిలో వేలూరులో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని, ఆ పొగకు తండ్రీకూతుళ్లు చనిపోయారు. మార్చి 26న పుణెలో రోడ్డు పక్కన నిలిపిన ఓలా స్కూటర్ తగలబడుతున్న వీడియో అందరి ఫోన్లలోకి వచ్చింది. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు చనిపోయాడు. ఆ తర్వాత రోజుల్లోనే విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన కొత్త స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణం పోయింది, భార్యాపిల్లలకు గాయాలయ్యాయి. పడకగదిలో ఎందుకు పెట్టారని అడిగినవాళ్లున్నారు. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో ఛార్జ్ చేసుకోవచ్చన్నది ఆ స్కూటర్లకు అమ్మకపు ఆకర్షణే కదా. అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండేవాడికి అంతకన్నా వేరే చోటు ఎక్కడుంటుంది?

కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ ఏప్రిల్ 21న గట్టిగా హెచ్చరించారు: నిర్లక్ష్యం తేలితే భారీ జరిమానా, రీకాల్ ఆదేశాలు తప్పవని. ఆ నెలలోనే ఒకినావా 3,215, హైదరాబాద్ సంస్థ ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 స్కూటర్లను తమంతట తామే వెనక్కి పిలిచాయి. నిపుణుల కమిటీ వేశారు, డీఆర్‌డీఓ అగ్నిభద్రత కేంద్రం బ్యాటరీలను పరీక్షించింది. బ్యాటరీల భద్రత ప్రమాణమైన ఏఐఎస్-156ను సవరించి 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమలుచేశారు. ఒక సెల్ వేడెక్కితే ఆ మంట పక్క సెల్‌కు పాకకుండా మధ్య ఎడం ఉండాలి, ఉష్ణోగ్రత కనిపెట్టే వ్యవస్థ పనిచేయాలి, నీళ్లు చొరబడకూడదు. ప్రమాణాలు మారాయి, మంచిదే. ఇంత త్వరగా మారడానికి కారణం మాత్రం వీడియోలు. లోపల పొగ రాని, మంట కనపడని లోపానికి ఇలాంటి వీడియో ఉండదు. హైవే మీద ఒక్కసారిగా ఆగిపోయే మోటారుకు వీడియో ఎవరు తీస్తారు?

మంటల తర్వాత వచ్చిన వివాదం ఓలా ముందు ఫోర్కులది. ముందు చక్రం దగ్గర సస్పెన్షన్ విరిగిపోతోందని యజమానులు ఫొటోలతో సహా చెప్పారు. 2023 మార్చిలో కంపెనీ కొత్త ఫోర్కు ఉచితంగా వేస్తామంది, ఇది రీకాల్ కాదు, కావాలనుకున్నవారికి మెరుగుపరిచే అవకాశమని ప్రకటించింది. ఆచరణలో ఈ తేడా చాలా పెద్దది. రీకాల్ అయితే ప్రతి యజమానికీ సమాచారం అందాలి, ఎంతమందికి బాగుచేశారో లెక్క చెప్పాలి. ఐచ్ఛికమైతే తెలిసినవాడు వెళ్తాడు, తెలియనివాడు పాత ఫోర్కుతోనే పిల్లల్ని స్కూలుకు దింపుతాడు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ కంపెనీకి నోటీసు ఇచ్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు అందిన పదివేలకు పైగా ఫిర్యాదులే ఆధారం. ఒక్కచోట లెక్క తేలితే ఫిర్యాదుకు ఎంత బలమొస్తుందో ఆ నోటీసు చూపించింది.

అన్ని కంపెనీలూ ఒకటే తీరు అనడం సరికాదు. 2021లో రాయల్ ఎన్‌ఫీల్డ్ తన సొంత పరీక్షల్లో ఇగ్నిషన్ కాయిల్ లోపం గమనించి 2,36,966 మోటారు సైకిళ్లను పిలిచింది, పది శాతంలోపు వాటికే భాగం మార్చాల్సి రావచ్చని ముందే చెప్పింది. అదే ఏడు సెప్టెంబరులో మారుతి 1,81,754 పెట్రోలు కార్లను పిలుస్తూ, విడిభాగం మార్చేదాకా నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడపొద్దని, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టొద్దని జాగ్రత్త చెప్పింది. మార్చడం మాత్రం నవంబరులో మొదలైంది. వానాకాలం సెప్టెంబరులో హైదరాబాద్ డ్రైవరు నీళ్లు నిలవని రోడ్డును ఎక్కడని వెతుక్కుంటాడు? నిజాయితీగా చెప్పడంతో పాటు విడిభాగాలు సిద్ధంగా ఉంచుకోవడమూ రీకాల్‌లో భాగమే.

ఇక ఫిర్యాదు అసలు ఎక్కడ చచ్చిపోతుందో చూడాలంటే సర్వీస్ సెంటరు బల్ల దగ్గరికి వెళ్లాలి. యజమాని వచ్చి, ‘యూటర్న్ తిప్పుతుంటే స్టీరింగు టక్కుమంటోంది, నిన్న ఒకసారి పట్టేసింది కూడా’ అంటాడు. సర్వీస్ అడ్వైజరు కంప్యూటరులో ‘స్టీరింగ్ నాయిస్, చెక్’ అని కొడతాడు. సాయంత్రం బండి తీసుకునేటప్పుడు ఆ గడి పక్కన ‘చెక్డ్, ఓకే’ అని ఉంటుంది. పట్టేసింది అన్న మాట ఎక్కడా లేదు. ప్రాణం తీయగల మాట ఆ రెండు ముక్కల మధ్య జారిపోయింది. ఆ అడ్వైజరు చెడ్డవాడు కాకపోవచ్చు. అతని ముందు ఇంకా బోలెడు బండ్లున్నాయి, గడిలో పట్టేవి ఆ రెండు ముక్కలే. కొన్నిసార్లు కంపెనీ నుంచి లోపలి ఆదేశం ఉంటుంది: ఫలానా నెలలో తయారైన బండి సర్వీసుకు వస్తే ఫలానా పార్టు మార్చేయండి అని. యజమానికి చెప్పకుండానే మారిపోతుంది. సర్వీసుకు రానివాళ్లకు, బయట మెకానిక్ దగ్గర చేయించుకునేవాళ్లకు, సెకండ్ హ్యాండులో కొన్నవాళ్లకు ఆ మార్పు అందదు. సెకండ్ హ్యాండు బండి కొన్నవాడి ఫోన్ నంబరే కంపెనీ దగ్గర ఉండదు. రీకాల్ ఉత్తరం మొదటి యజమానికి పోతుంది, బండి మూడో చేతిలో ఉంటుంది.

ఈ సమీక్ష నన్ను చేర్చిన అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మనకు కొరత చట్టానిది కాదు. ఫిర్యాదులు కంపెనీ కంప్యూటరులో కొన్ని, 1915 హెల్ప్‌లైనులో కొన్ని, రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో కొన్ని, వినియోగదారుల కమిషన్లలో కొన్ని, పోలీసు ఫైళ్లలో కొన్నిగా చెదిరిపోయి, ఎక్కడా ఒక మొత్తం కావడం లేదు. కేంద్ర రవాణా శాఖ వీటన్నిటినీ మోడల్‌వారీగా ఒకచోట చేర్చి, వ్యక్తుల వివరాలు తీసేసి, ఎవరైనా చదివేలా పెట్టాలి. ప్రాణాపాయం ఉన్నచోట సంఖ్య నిబంధన తీసేయాలి. ఏడేళ్ల పరిమితిని కనీసం పదిహేనుకు పెంచాలి. ఆర్సీ పేరు మార్పిడి సమయంలో ఆ ఛాసిస్ నంబరు మీద పెండింగు రీకాల్ ఉందో లేదో ఆర్టీఓ ఆఫీసు చూపించాలి. అది రవాణా శాఖ చేతిలోని పనే, కొత్త చట్టం అక్కర్లేదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు ప్రాణనష్టం కేసుల్లో ఎయిర్‌బ్యాగు, స్టీరింగు, బ్యాటరీ రికార్డులు చదివే పరికరాలూ శిక్షణా ఇవ్వాలి. అవి లేకుండా యాంత్రిక లోపం లేదని సంతకం పెట్టమనడం ఆయనకూ అన్యాయమే.

పాఠకులకు కొన్ని మాటలు. మీ ఆర్సీ మీద 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉంటుంది. ఈ వారమే దాన్ని మీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి రీకాల్ ఉందేమో చూడండి. అమెరికాలో చదువుకుంటూ పాత కారు కొనబోతున్న మీ పిల్లలకూ చెప్పండి, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అర నిమిషంలో తెలుస్తుంది. సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. రాయనంటే సంతకం పెట్టకండి, అదే సంగతి అక్కడే నిలబడి కంపెనీకి ఈమెయిల్ చేయండి. మార్చిన పాత పార్టు అడిగి చూడండి, ఫొటో తీసుకోండి. భద్రతకు సంబంధించినదైతే వాహన్ పోర్టల్‌లో రీకాల్ ఫిర్యాదు పెట్టి, 1915కు కూడా చెప్పండి. మీ బండి బాగైపోయినా సరే, ఫిర్యాదు మాత్రం పెట్టండి. అదే మోడల్ బండి ఇంకెవరో నడుపుతున్నారు.